అరటినార మండలివారి గుప్తాయుధ పథకం

అరటినార ప్రోత్సాహక మండలికి ఆయుధాలతో ఏం పని అని బయటివాళ్ళు అడగవచ్చు. మండలిలో మాత్రం ఎవరూ అడగలేదు. ఆ ఆఫీసులో ముందు సర్క్యులర్ వస్తుంది, తర్వాత దాని అమలు జరుగుతుంది, ఎందుకు అన్న ప్రశ్న ఎవరి బుర్రలోనైనా పుట్టేసరికి ఆర్థిక సంవత్సరం అయిపోతుంది. సీనియర్ అసిస్టెంటు నాగభూషణం అలాంటి ఆర్థిక సంవత్సరాలు చాలా చూసినవాడు. అందుకని ఆ ఉదయం బల్ల మీద పడ్డ కాగితాన్ని కళ్ళజోడు తుడుచుకుని, ఆశ్చర్యపడకుండా చదివాడు.

"మండలి ఉద్యోగులందరూ తమ తమ జీవిత భాగస్వాములను గుప్తాయుధ ధారణ వైపు ప్రోత్సహించవలసినదిగా ఇందుమూలముగా ఆదేశించడమైనది. సదరు ప్రోత్సాహము అనునయపూర్వకముగాను, నిరంతరముగాను, నివేదించదగినదిగాను ఉండవలెను. భాగస్వామి ప్రోత్సాహము పొందనిచో అందులకు ఉద్యోగియే బాధ్యుడు."

జరిగిందేమిటంటే, మండలి ఎండీ గారు సముద్రపు ఒడ్డున ఒక పెద్ద హోటల్లో సదస్సుకు వెళ్ళివచ్చారు. అరటినార మీద సదస్సయితే ఆయన కింది వాళ్ళెవరినో పంపేవారు. ఇది వ్యక్తిగత భద్రత మీద. కోటు వేసుకున్న ఒక వక్త అక్కడ మూడు ముక్కలు చెప్పాడట. ఉద్యోగి మనసు ఫైలు మీద నిలవాలంటే ఇంట్లో భార్య క్షేమంగా ఉందన్న ధీమా కావాలి. భార్య క్షేమంగా ఉండాలంటే ఆవిడ దగ్గర ఆయుధం ఉండాలి. ఆయుధం ఉన్న సంగతి ఎవరికీ తెలియకూడదు. ఎండీ గారికి ఈ మూడూ గుండెకు హత్తుకున్నాయి. భోజనాల గంట కొట్టేలోగా సర్క్యులర్ చిత్తుప్రతి తయారైపోయింది.

మొదట ఆయన భార్యలందరికీ పిస్తోళ్ళు అనుకున్నారు. అనుమతి కోరుతూ పైకి రాసిన ఉత్తరం, అరటినార తీయడానికి పిస్తోలు ఏ దశలో అవసరమో తెలపగలరు అన్న ఒక్క వాక్యంతో తిరిగి వచ్చింది. ఎండీ గారు నిరుత్సాహపడే మనిషి కాదు. స్టోర్స్‌లో ఏముందో చూడమన్నారు. అక్కడ కంప్యూటర్లు రాకముందు కొన్న రూళ్ళకర్రలు, మూరెడు పొడుగువి, గుండ్రటివి, కట్టలు కట్టలుగా దుమ్ము పట్టి ఉన్నాయి. ఎండీ గారు ఒకటి చేతిలోకి తీసుకుని గాలిలో రెండుసార్లు ఆడించి, "ఇది చాలు" అన్నారు. ఆ సాయంత్రానికి రూళ్ళకర్ర ఆయుధంగా మారింది.

మండలిలో ఏ వస్తువు బయటికి వెళ్ళాలన్నా దాని మీద తెల్లరంగుతో మండలి పేరు, నంబరు వేయడం ఆచారం. కుర్చీకి వీపు మీద వేస్తారు, మంచినీళ్ళ కూజాకు మెడ మీద వేస్తారు. ఆ ప్రకారమే ప్రతి రూళ్ళకర్రకూ ఒక చివర 'అ.నా.ప్రో.మ. - గుప్తాయుధము' అని రాసి కింద నంబరు వేశారు. రంగు ఆరాక సంతకం చేయించుకుని ఉద్యోగులకు పంచారు.

టైపిస్టు రెహానా భర్త ఖాదర్ పోలీసు కానిస్టేబులు. చేతిలో లాఠీ ఉన్నవాడికి చొక్కాలో రూళ్ళకర్ర దేనికని రెహానా అడిగితే, లాఠీ పైకి కనబడుతోంది కనుక అది గుప్తం కాదని జవాబు వచ్చింది. పాపం ఖాదర్ కొన్నాళ్ళు ఠీవిగా నిటారుగా నడిచాడు, వంగడానికి వీల్లేక. పెళ్ళికాని గుమాస్తాలకు, కాబోయే భాగస్వామిని ప్రోత్సహించుటకు ఇప్పటినుండే సన్నద్ధులు కావలెనని వేరే మెమో వెళ్ళింది.

పథకం మొత్తానికి డిప్యూటీ డైరెక్టరు త్రిమూర్తులు గారు అధికారి. ఆయన సన్నగా మాట్లాడితే తనకే వినబడదన్నట్టు మాట్లాడే మనిషి. సూపరింటెండెంటు పోస్టు ఒకటి ఖాళీగా ఉందని, పథకాన్ని ఆదర్శంగా అమలు జరిపిన సీనియర్ అసిస్టెంటుకే అది దక్కుతుందని ఆయన స్టాఫ్ మీటింగులో ప్రకటించారు. అలా అంటూ నాగభూషణం వైపు, పక్కనే ఉన్న మరో సీనియర్ అసిస్టెంటు పేరిశాస్త్రి వైపు చెరొకసారి చూశారు.

ఆ పోస్టు నాగభూషణానికి ప్రాణంతో సమానం. తన చేతికింద పని నేర్చుకున్నవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఆ కుర్చీలో కూర్చుని, తననే "ఏమయ్యా నాగభూషణం" అని పిలిచి, ఇంకా పైకి వెళ్ళిపోయారు. రిటైర్మెంటు దగ్గరపడింది. ఒక్కసారి ఆ కుర్చీలో కూర్చుని ఎవరినీ 'ఏమయ్యా' అనకుండా దిగిపోవాలని అతని కోరిక. అది దక్కాలంటే ఇంట్లో సత్యవేణి దయ తలచాలి.

సత్యవేణి టీచరు. గోదావరి లంక ఊళ్ళో పిల్లలకు లెక్కలు చెబుతుంది. పెళ్ళికి ముందునుంచీ అదే ఉద్యోగం, అదే బస్సు, పొద్దున్న వెళ్ళడం, సాయంత్రం రావడం. వచ్చి చీర మార్చుకుని కత్తిపీట ముందు కూర్చున్నాక ఆ ఇంట్లో మాటలు మొదలవుతాయి. నాగభూషణం రూళ్ళకర్ర చేత్తో పట్టుకుని వెళ్ళి ఎదురుగా పీట వేసుకున్నాడు. సర్క్యులర్‌కు జతపరచిన ప్రోత్సాహక వాక్యాలు అప్పటికే కంఠతా పట్టాడు.

"ప్రియమైన భాగస్వామీ, నీ క్షేమమే నా కార్యదక్షత" అన్నాడు.

సత్యవేణి దొండకాయ తరగడం ఆపింది. "ఒంట్లో బాగానే ఉందా మీకు?" అంది.

అతను పథకం అంతా విడమరచి చెప్పాడు. ఆవిడ మధ్యలో నవ్వలేదు. లెక్కల టీచరు కదా, చివరిదాకా విని ఒక్క ప్రశ్న వేసింది. ఈ కర్రతో ఎవరిని కొట్టాలి? దుండగుణ్ణి అన్నాడు నాగభూషణం. ఆ దుండగుడు తనకు ఎక్కడ కనబడతాడని అడిగింది. నాగభూషణం ఆలోచించాడు. వాళ్ళ వీధిలో అందరూ తెలిసినవాళ్ళే. బడిలో అందరూ పిల్లలే. తన భార్యకు దుండగుడు ఎక్కడ ఎదురుపడతాడో అతనికి ఎంత ఆలోచించినా తట్టలేదు. ఇంటికీ బడికీ మధ్య ఉన్న దారి గురించి అతను ఏనాడూ ఆలోచించినవాడు కాదు.

మర్నాడు ఈ సందేహాన్ని ఫైలులో పైకి పంపాడు. దుండగులను గుర్తించు ప్రక్రియ పరిశీలనలో ఉన్నదని, అంతవరకు ప్రోత్సాహము ఆపరాదని జవాబు వచ్చింది. అతను ప్రోత్సహిస్తూనే ఉన్నాడు. ఆవిడ కాఫీ ఇచ్చేటప్పుడు ప్రోత్సహించాడు, పప్పులో ఉప్పు తక్కువైనా ఏమీ అనకుండా ప్రోత్సహించాడు, ఎన్నడూ లేనిది మల్లెపూలు తెచ్చి మరీ ప్రోత్సహించాడు. సత్యవేణి పూలు పెట్టుకుంది. రూళ్ళకర్రను మాత్రం పెరటి కిటికీ రెక్క గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టింది. నెల నివేదికలో నాగభూషణం 'ప్రోత్సాహము: నిరంతరము. ఫలితము: ఆశాజనకము' అని రాశాడు.

ఇంతలో తనిఖీలు మొదలయ్యాయి. అసలు తిప్పలు అక్కడ వచ్చాయి.

తనిఖీ సంఘంలో త్రిమూర్తులు గారు అధ్యక్షులు. ఆడవాళ్ళను చూడాలి కాబట్టి అసిస్టెంటు డైరెక్టరు హైమావతి గారిని సభ్యురాలిగా వేశారు. ఆవిడ ఎక్కువ మాట్లాడదు, కాగితం మీద పొట్టి వాక్యాలు రాస్తుంది. సంఘం మొదట పేరిశాస్త్రి ఇంటికి వెళ్ళింది. పేరిశాస్త్రి భార్య రూళ్ళకర్రను బియ్యం డ్రమ్ములో అడుగున దాచింది. సంఘం గంటసేపు వెతికి దాన్ని పట్టుకుంది. పట్టుకుంది కనుక ఆయుధం గుప్తంగా లేదని తేల్చి తప్పు రాసింది. తర్వాతి ఇంటి ఇల్లాలు మరీ తెలివిగా దాచింది, ఎంత వెతికినా దొరకలేదు. దొరకలేదు కనుక మండలి ఆస్తి పోయిందని ఆ ఉద్యోగికి సంజాయిషీ నోటీసు ఇచ్చారు.

కనబడితే తప్పు, కనబడకపోతే నేరం అని ఆఫీసు అంతా గొల్లుమంది. త్రిమూర్తులు గారు రెండు రోజులు తలుపులు వేసుకుని కూర్చుని దీనికి పరిష్కారం కనిపెట్టారు. దాని పేరు పాక్షిక గోప్యత. ఇకమీదట ఆయుధం గుప్తంగానే ఉండాలి, నంబరు వేసిన చివర మాత్రం తనిఖీకి వీలుగా బయటికి కనబడాలి. ఆ వారం నుంచి మండలి ఉద్యోగుల భార్యలు కూరగాయల బజారులో నడుం దగ్గర 'గుప్తాయుధము' అన్న తెల్ల అక్షరాలతో కనబడసాగారు. ఈ అక్షరాలు దుండగులు కూడా చదవగలరు కదా అని ఎవరో అన్నారు. బస్టాండు గోడ మీద ఒక నోటీసు వెలిసింది. 'గుప్తాయుధ నంబర్లను దుండగులు చూడరాదు.'

సత్యవేణి ఒప్పుకోలేదు. నడుముకు కర్ర కట్టుకుని బడికి వెళితే పిల్లలు బెత్తం అనుకుంటారని, తను ఏనాడూ బెత్తం పట్టలేదని చెప్పింది. నాగభూషణం బతిమాలాడు, అలిగాడు, ఒక పూట భోజనం మానేశాడు. ఆకలివేసి మళ్ళీ తిన్నాడు. పేరిశాస్త్రి భార్య మాత్రం తెల్ల అక్షరాల మీద రోజూ సున్నం పూసి మెరిపిస్తోందని ఆఫీసులో చెప్పుకున్నారు. నాగభూషణానికి రాత్రిళ్ళు కునుకు పట్టడం మానేసింది.

చివరికి ఆచరణాత్మక పరీక్ష అన్నారు. ఒక ఆదివారం భార్యలందరూ, ఒక్క ఖాదరూ, మండలి పాత బస్సు ఎక్కాలి. తోటలు చూపించడానికి వాడే బస్సు అది. అందులో ఒక దుండగుడు ప్రవేశిస్తాడు. గుప్తాయుధాన్ని ఎవరు ఎంత త్వరగా తీస్తారో చూసి మార్కులు వేస్తారు. ఆదివారం బస్సు ఎక్కడం వరకైతే సరేనంది సత్యవేణి. దారిలో నారు మొక్కల తోట దగ్గర ఆపుతారట, నాలుగు కరివేపాకు మొక్కలు తెచ్చుకుంటానంది.

దుండగుడి వేషం అటెండరు అప్పలస్వామికి ఇచ్చారు. అతను తనకు ఇంకా పెళ్ళికావలసిన కూతుళ్ళున్నారని, ఊళ్ళో పేరు పోతుందని దణ్ణం పెట్టాడు. గుమాస్తాలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. చివరికి త్రిమూర్తులు గారు, ఇంతటి బాధ్యతాయుతమైన పాత్ర డిప్యూటీ డైరెక్టరు హోదాకు తగ్గినవారికి అప్పగించరాదని నిర్ణయించి, తానే గళ్ళ లుంగీ కట్టి, మెడకు ఎర్ర రుమాలు చుట్టుకున్నారు. దుండగుడు నవ్వవలసిన తీరును ఆఫీసు గదిలో వారం రోజులు సాధన చేశారని వినికిడి.

బస్సు కదిలింది. నాగభూషణం, పేరిశాస్త్రి పరిశీలకులుగా డ్రైవరు పక్కన నిలబడ్డారు. త్రిమూర్తులు గారు ముందు ద్వారం నుంచి ప్రవేశించి హహ్హహ్హా అని నవ్వారు. మొదటి సీటులో ఒకావిడ కంగారుగా లేచి రూళ్ళకర్ర లాగబోయింది. అది కుచ్చిళ్ళలో ఇరుక్కుంది. "ఒక్క నిముషం ఉండండి సార్, వచ్చేస్తోంది" అంది. త్రిమూర్తులు గారు దుండగుడైనా మర్యాదస్థుడు కాబట్టి తల తిప్పుకుని ఆగారు. కర్ర వచ్చాక మార్కులు వేసుకుని ముందుకు కదిలారు. పేరిశాస్త్రి భార్య కర్ర చప్పున తీసింది గానీ, అది వెనక సీటు వాళ్ళ టిఫిను డబ్బాకు తగిలి ఇడ్లీలు దొర్లాయి. ఖాదర్ సెల్యూట్ కొట్టి ఊరుకున్నాడు.

సత్యవేణికి సీటు దొరకలేదు. బస్సు మధ్యలో కమ్మీ పట్టుకుని, అలవాటు ప్రకారం కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడి ఉంది. ఆవిడ దగ్గర రూళ్ళకర్ర లేదు, అది కిటికీకే ఉంది. ఇక అయిపోయిందనుకున్నాడు నాగభూషణం. త్రిమూర్తులు గారు వెనక నుంచి వచ్చి, పాత్రోచితంగా దగ్గరికి జరిగి, ఆవిడ భుజం మీద చెయ్యి ఆనించారు.

సత్యవేణి వెనక్కి తిరగలేదు. కమ్మీ మీది చెయ్యి తీయలేదు. రెండో చెయ్యి మాత్రం ఒకసారి మెడ దగ్గరికి వెళ్ళి, వెనక్కి వెళ్ళి, మళ్ళీ మామూలుగా కిందికి వచ్చింది. త్రిమూర్తులు గారు కెవ్వుమని పైకెగిరి, తల బస్సు కప్పుకు కొట్టుకుని, ఇడ్లీల మీద కూలబడ్డారు.

బస్సు ఆగింది. ఆడవాళ్ళందరూ ఒక్కసారిగా కిటికీల్లోంచి పొలాల వైపు చూడసాగారు. ఎవరో కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నాగభూషణం మాత్రం భార్య మొహాన్నే చూస్తున్నాడు. దాని మీద కోపం లేదు, భయం లేదు. బియ్యంలో రాయి కనబడితే తీసి పక్కన పారేసేటప్పుడు ఎలా ఉంటుందో అలా ఉంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మొహం అతను మనుషుల వైపు తిరగగా చూడలేదు.

త్రిమూర్తులు గారికి ధనుర్వాతం సూది వేయించారు. సూదికీ, గాయానికీ తేడా లేదని డాక్టరు అన్నాడట. గాయాన్ని ఫైలులో 'అజ్ఞాత ఆయుధము వలన కలిగిన సూక్ష్మ రంధ్రము' అని నమోదు చేశారు. ఆయుధాన్ని తీసినప్పుడు ఎవరూ చూడలేదు, వాడినప్పుడు చూడలేదు, దాచినప్పుడు చూడలేదు. హైమావతి గారు సత్యవేణిని ఎగాదిగా పరిశీలించి 'ఏమీ కనబడలేదు' అని పొట్టిగా రాసి సంతకం పెట్టారు. ఎండీ గారు పరవశించిపోయారు. సదస్సులో వక్త చెప్పింది ఇదే కదా అన్నారు. ఆ ఆయుధం ఏదో తెలుసుకుని ప్రామాణిక గుప్తాయుధంగా ప్రకటించాలని, మండలి ద్వారా అందరికీ పంపిణీ చేయాలని నిశ్చయించారు. సోమవారం నాగభూషణం సంఘం ముందు హాజరై ఆయుధం పేరు, ఆకారం, దాచు స్థలం తెలియజేయవలెను. ఆదివారమే ఆఫీసు తెరిపించి, సూపరింటెండెంటు ప్రమోషన్ ఉత్తర్వు అతని పేరుతో టైపు చేసి సిద్ధంగా ఉంచారు. టైపు చేసిన రెహానాయే ఆ మాట అతని చెవిన వేసింది.

ఆ సాయంత్రం సత్యవేణి పెరట్లో కరివేపాకు మొక్కలు నాటుతుంటే నాగభూషణం చెంబుతో నీళ్ళు తెచ్చి పక్కన నిలబడ్డాడు. ఏం చేశావని అడిగాడు. ఆవిడ చేతికంటిన మట్టి దులుపుకుని, మెడలోని పుస్తెలతాడును వేళ్ళతో పైకెత్తి చూపించింది. సూత్రాల పక్కన నాలుగైదు పిన్నీసులు వేలాడుతున్నాయి. అతను వాటిని రోజూ చూస్తున్నవే. చీర కుచ్చిళ్ళకు అక్కరకొస్తాయని ఆడవాళ్ళందరూ అక్కడో, గాజులకో తగిలించుకుంటారని అతనికి తెలుసు. ఆవిడ అందులో పెద్దదాన్ని వేరుచేసి చూపించింది. దాని మొన కాస్త వంగి ఉంది.

"కాలేజీకి వెళ్ళే మొదటిరోజు మా అమ్మ పెట్టింది" అంది. "అప్పట్నుంచీ ఉంది. పిన్నీసులు మారాయి గానీ పని మారలేదు."

"రోజూనా?"

"రోజూ కాదు. రష్ ఉన్న రోజుల్లో. కొత్తగా వచ్చే టీచరమ్మలకు కూడా మేమే నేర్పుతాం, ఎక్కడ పొడవాలో, పొడిచాక ఎటు చూడాలో."

నాగభూషణం చెంబు కింద పెట్టాడు. అన్నేళ్ళుగా ఆవిడ ఆ బస్సులోంచి దిగి ఇంటికి వచ్చి, చీర మార్చుకుని, కూర తరుగుతూ, ఆ రోజు బడిలో ఎవరు ఏ లెక్క తప్పు చేశారో చెప్పి నవ్వించేది. బస్సు గురించి ఎన్నడూ ఒక్క ముక్క చెప్పలేదు. అతనికి సిగ్గేసింది. కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు.

"నాకెందుకు చెప్పలేదు సత్యా?" అన్నాడు.

"చెబితే ఏమనేవారు?"

ఏమనేవాడో ఇద్దరికీ తెలుసు. ఒకసారి వానలో బస్సు ఆలస్యమై ఆవిడ చీకటి పడ్డాక వస్తేనే, ఈ ఉద్యోగం లేకపోతే మనకు గడవదా అన్నాడు అతను. ఆ మాట ప్రేమతోనే అన్నాడు.

"మానెయ్యమనేవారు" అంది సత్యవేణి మెల్లిగా. "చెయ్యి వేసేవాడు బస్సు ఎక్కడం మానడు, కండక్టరు చూడనట్టు ఉండడం మానడు. మానవలసింది నేనా? నాకు నా బడి ఇష్టమండీ."

మొక్కకు నీళ్ళు పోశాక ఆవిడే మళ్ళీ అంది, సోమవారం ఏం చెప్పాలో ఆయన ఇష్టమని. అయితే ఒకటి గుర్తుంచుకోమంది. ఈ సంగతి మండలికి తెలిస్తే పిన్నీసు మీద కూడా తెల్లరంగు వేస్తారు. దాన్ని ఎక్కడ దాచుకోవాలో ఒక బొమ్మ గీసి బస్టాండు గోడకు అంటిస్తారు. దాన్ని బస్సులో ఉన్న వెధవలందరూ చదువుకుంటారు. అప్పుడిక కొత్త టీచరమ్మలకు తను నేర్పడానికి ఏమీ మిగలదు. ఆవిడ ఈ మాట నవ్వుతూనే అంది, కానీ ఆ నవ్వు కళ్ళదాకా రాలేదు.

సోమవారం సంఘం కొలువుదీరింది. ఎండీ గారు మధ్యన, త్రిమూర్తులు గారు మెత్తటి దిండు మీద ఒక పక్కకు ఒరిగి, హైమావతి గారు కలం పట్టుకుని. బల్ల మీద ప్రమోషన్ ఉత్తర్వు ఉంది, సంతకం ఒక్కటే తక్కువ.

"సదరు ఆయుధము యొక్క స్వరూప స్వభావములను నిస్సంకోచముగా వెల్లడించండి" అన్నారు త్రిమూర్తులు గారు.

నాగభూషణం ఎదురుగా ఉన్న కాగితాన్ని చూశాడు. తన పేరు తప్పులు లేకుండా ఉంది. తలెత్తితే హైమావతి గారి చెయ్యి కనబడింది. ఆవిడ బంగారు గాజుకు రెండు పిన్నీసులు వేలాడుతున్నాయి. అందులో ఒకటి కాస్త పెద్దది. ఆవిడ రాయడం ఆపి అతని మొహంలోకి చూస్తోంది. ఇంత పెద్ద ఆఫీసరు కూడా ఒకప్పుడు ఎక్కడో బస్సెక్కిన మనిషేనని అతనికి అప్పుడు తట్టింది. తన నోట ఏ మాట వస్తుందోనని ఆవిడ ఎదురుచూస్తోందని కూడా తట్టింది.

"నాకు తెలియదండి" అన్నాడు.

ఎండీ గారు, భార్య దగ్గర ఏ ఆయుధముందో భర్తకు తెలియకపోవడమేమిటని అడిగారు. తనకు ఆవిడ చెప్పలేదన్నాడు నాగభూషణం. అది నిజమే, ఆదివారం దాకా నిజమే. త్రిమూర్తులు గారు దిండు మీద ఇటు ఒరిగి తీర్పు చెప్పారు. ఆయుధము భర్తకు తెలియలేదనగా అది భర్త ప్రోత్సాహము వలన ధరించబడినది కాదని తేలుచున్నది. ప్రోత్సాహము లేని ధారణ పథకములోకి రాదు. కావున నాగభూషణం పథకము అమలులో పూర్తిగా విఫలుడైనాడు. ఇంట్లో రూళ్ళకర్రను కిటికీకి వాడినట్టు తానే ఒప్పుకొనినందున వేరే మెమో ఇవ్వబడును. ఉత్తర్వులో పేరు కొట్టివేసి పక్కన పేరిశాస్త్రి పేరు రాశారు. హైమావతి గారు అంతా రాసుకుని, 'సభ్యురాలికి అభ్యంతరం లేదు' అని పొట్టిగా ముగించారు. నాగభూషణం లేచి వెళుతుంటే ఆవిడ కుర్చీలోంచి కొంచెం లేచి నమస్కారం పెట్టింది. తనకంటే కింది ఉద్యోగికి ఆవిడ లేచి నమస్కరించడం ఆఫీసులో ఎవరూ చూసి ఉండరు.

ఆ తర్వాత ఎండీ గారు ఇంకో సదస్సుకు వెళ్ళారు. అది దీర్ఘశ్వాస మీద. రూళ్ళకర్రలు లెక్క చూసుకుని స్టోర్స్‌లోకి తిరిగి వెళ్ళాయి. పేరిశాస్త్రి కొత్త హోదాలో తొలిరోజే "ఏమయ్యా నాగభూషణం" అని పిలిచాడు. నాగభూషణానికి ఎక్కడో చురుక్కుమంది. పైకి ఏమీ అనకుండా ఫైలు తీసుకెళ్ళి ఇచ్చాడు.

సంఘం కొలువుదీరిన ఆ సోమవారం సాయంత్రమే నాగభూషణం ఇంటికి వచ్చి జరిగిందంతా చెప్పాడు. ప్రమోషన్ పోయిందని కూడా చెప్పాడు. సత్యవేణి చివరిదాకా వింది. కంచం పెట్టి, వడ్డించి, ఎప్పటిలా వంటింటి వైపు వెళ్ళకుండా ఎదురుగా కూర్చుంది. చీర అంచును వేలికి చుట్టుకుంది.

"ఇవాళ పొద్దున్న బస్సులో ఏమైందంటే" అని మొదలుపెట్టింది.

అన్నేళ్ళలో ఆవిడ ఆ మాట అనడం అదే మొదటిసారి. నాగభూషణం ముద్ద కలపడం ఆపేశాడు. ఆవిడ చెబుతోంది. వినేకొద్దీ అతని చెవులు వేడెక్కాయి. పాత మాట గొంతులోకి వచ్చి నాలుక చివర నిలబడింది. రేపట్నుంచి వెళ్ళకు అన్న ఒక్క ముక్క, అంతే. అది పైకి వచ్చిందంటే ఆవిడ మళ్ళీ ఏ సాయంత్రమూ ఏదీ చెప్పదని అతనికి తెలుసు. గ్లాసెడు మంచినీళ్ళు తాగి ఆ మాటను లోపలికి మింగాడు.

"తర్వాత?" అన్నాడు.

సత్యవేణి ఒక్క క్షణం అతని వైపు చూసింది. తర్వాత ఏమైందో చెప్పడం మొదలుపెట్టింది.